182 యూనిట్లకు 1,146 రూపాయల బిల్లు: ఏ లైను ఎవరు వేశారో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆంధ్రాలో ఒక పట్టణంలో ఆరు నెలల కిందట అద్దె ఇంట్లో దిగారు. ఈ నెల 182 యూనిట్లు కాలాయి. స్లాబుల లెక్క మీరే వేసుకుంటే 759 రూపాయలు తేలింది. చేతికొచ్చిన బిల్లు మాత్రం 1,146. మిగతా 387 రూపాయలు దేనికని లైన్‌మన్‌ను అడిగితే "పైనుంచి వచ్చింది సార్, మాకు తెలియదు" అన్నాడు. ఇవి దొంగచాటు ఛార్జీలా, కట్టనంటే ఏమవుతుంది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. బిల్లు కట్టడం మానేయకండి. ఆ 387లో ఎక్కువ భాగం విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశం ప్రకారం వేసిందే, కౌంటర్ దగ్గర ఎంత గొడవపడినా తీసేయరు. అయితే బిల్లులో ఉండే ప్రతి లైనూ మండలి వేసింది కాదు. కొన్ని లైన్లు మీ ఊరి కరెంటాఫీసులోనే పుడతాయి. అక్కడ పొరపాట్లు జరుగుతాయి, అవి సరిచేయించుకోవచ్చు. ఏది ఏ రకమో తెలియక జనం మొదటిదాని మీద గొంతు చించుకుంటారు, రెండోది మాత్రం నోరెత్తకుండా కట్టేస్తారు. 31 ఏళ్లు ఒక డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఈఆర్‌ఓ ఆఫీసులో, అంటే బిల్లుల లెక్కలు చూసే రెవెన్యూ ఆఫీసులో, బిల్లింగ్ సీట్లోనే కూర్చున్నాను. ఈ ఒక్క తేడా తెలియక నష్టపోయినవాళ్లను వందల మందిని చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ లెక్క సరైనదే. మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45కి 3 రూపాయల చొప్పున 135. ఆ పైన 50కి 4.50 చొప్పున 225. మిగిలిన 57కి 6 రూపాయల చొప్పున 342. మొత్తం 759. ఇది ఎనర్జీ ఛార్జీ మాత్రమే. 2022 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న ఈ స్లాబుల్లో 225 యూనిట్లు దాటితే 8.75, 400 దాటితే 9.75 పడుతుంది.

దీనికి ఫిక్స్‌డ్ ఛార్జీ కలుస్తుంది. కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు కాబట్టి మీ 3 కిలోవాట్ల లోడుకు 30. తర్వాత కస్టమర్ ఛార్జీ. తర్వాత ఎలక్ట్రిసిటీ డ్యూటీ, ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు, అంటే సుమారు 11 రూపాయలు. ఈ మూడూ కలిపినా మీకు వంద లోపే. డ్యూటీ ప్రభుత్వానికి వెళ్తుంది, డిస్కంకు కాదు.

ఇక మిగిలింది ఎఫ్‌పీపీసీఏ. జనానికి కడుపు మండేది ఇక్కడే, అందులో న్యాయం ఉంది కూడా. ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు అని దాని అర్థం. ఏడాది మొదట్లో ఫలానా ధరకు కరెంటు కొంటాం అని డిస్కంలు అంచనా వేస్తాయి, మండలి ఆ అంచనా మీద టారిఫ్ ఖరారు చేస్తుంది. తీరా ఏడాదిలో బొగ్గు ధర పెరిగినా, ఎండలకు వాడకం ఎగబాకి బయట మార్కెట్లో కొనాల్సి వచ్చినా ఆ తేడా తర్వాత మన మీదికి వస్తుంది. 2022 వేసవి గుర్తుందా? కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో యూనిట్ 20 రూపాయల దాకా పోతే కేంద్ర నియంత్రణ మండలి 12 రూపాయలకు మించకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రాలో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. ఆ వేసవి ఖర్చే తిరిగి తిరిగి మన బిల్లుల్లోకి వచ్చింది.

ఇందులోనూ రెండు రకాలు ఉన్నాయి, బిల్లులో వేర్వేరుగా కనపడతాయి.

ఒకటి నెలనెలా పడేది. కేంద్రం 2022 చివర్లో నిబంధనలు మార్చి కొనుగోలు ఖర్చు తేడాను ఎప్పటికప్పుడు వసూలు చేసుకోవచ్చు అంది. ఆంధ్రాలో 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా ఇలా వేస్తున్నారు. ఇది ఈ నెల యూనిట్ల మీద పడదు, రెండు నెలల కిందటి యూనిట్ల మీద పడుతుంది. జూన్‌లో ఏసీ వాడి ఆగస్టులో ఆపేసినవాళ్లు "ఏసీ ఆపినా ఇంతేనా" అని ఆశ్చర్యపోయేది ఇందుకే. 2024-25లో డిస్కంలు ఖర్చు కన్నా ఎక్కువే వసూలు చేశాయని తేలింది. 2025 నవంబర్ బిల్లుల నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున తిరిగివ్వమని మండలి ఆదేశించింది. మీ బిల్లులో ఆ తగ్గింపు లైను ఉందో లేదో చూడండి. పెంచినప్పుడు చూసినంత శ్రద్ధగా తగ్గించినప్పుడూ చూడాలి.

రెండోది పాత సంవత్సరాల బాకీ. 2022-23 సంవత్సరానికి 6,072.86 కోట్లు, 2023-24కి 9,412.50 కోట్లు వసూలు చేసుకోమని మండలి ఆదేశాలిచ్చింది. 2024 డిసెంబర్ నుంచి మొదటిది 15 నెలల్లో, రెండోది 24 నెలల్లో. ఈ బాకీకి లెక్క మీరు ఇప్పుడు వాడిన యూనిట్లు కావు. అప్పట్లో ఆ సర్వీసు నంబరు మీద కాలిన యూనిట్లు.

అద్దెకుండేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి. ఛార్జీ మనిషిని పట్టుకుని రాదు, సర్వీసు నంబరును పట్టుకుని వస్తుంది. ఆరు నెలల కిందట వచ్చిన మీరు, 2023లో ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎన్ని ఏసీలు వాడారో, ఆ బాకీలో భాగం కడుతున్నారు. మీ బిల్లులో లెక్కకు అందని రెండు వందల పైచిలుకు ఇదే అయివుంటుందని నా అంచనా.

రిటైరయ్యాక మా వీధిలోనే ఒక ఉదాహరణ చూశాను. పిల్లల చదువు కోసం ఒకావిడ కింది పోర్షన్‌లో దిగింది. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, అంతే. నెలకు తొంభై యూనిట్లు కూడా దాటవు. బిల్లు మాత్రం ఎప్పుడూ ఆరేడు వందలు. "అన్నయ్యగారూ, మీటరు తేడాగా ఉందేమో చూడండి" అని వచ్చింది. మీటరు శుభ్రంగా ఉంది. పాత వినియోగం తీయిస్తే, అంతకుముందు ఆ పోర్షన్‌లో ఎవరో వంటలు చేసి క్యారేజీలు పంపేవారట, నెలకు నాలుగైదు వందల యూనిట్లు. ఆ వంటింటి బాకీ ఈవిడ కడుతోంది. కరెంటాఫీసులో చేయగలిగింది ఏమీ లేదు. ఇంటి ఓనరుతో కూర్చోబెట్టి మాట్లాడించాను. పాత బాకీ లైన్లు ఓనరు కట్టేట్టు, మిగతాది ఆవిడ కట్టేట్టు ఒప్పుకున్నారు. చట్టం బలవంతం చేయదు, మంచిగా అడిగితే కుదిరింది. మీరూ అదే చేయండి. బిల్లు వెనక్కి తిప్పి ఏ నెల వినియోగానికి ఎంత పడిందో ఓనరుకు చూపించండి. కొత్తగా ఇల్లు అద్దెకు చూసుకునేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే కరెంటు బిల్లు ఒకటి చూపించమని అడగండి, వెబ్‌సైట్‌లో సర్వీసు నంబరు కొడితే పాత వాడకం కూడా కనపడుతుంది.

నా అభిప్రాయం కూడా చెప్పాలి. రెండేళ్ల కిందటి ఖర్చును ఇప్పుడున్నవాళ్ల మీద వేయడం అన్యాయం. చట్టబద్ధమే, కానీ అన్యాయం. బిల్లు మీద తెలుగులో ఒక్క వాక్యం, "ఇది 2023 మే నెలలో ఈ సర్వీసులో వాడిన యూనిట్లకు" అని స్పష్టంగా రాస్తే సగం గొడవలు ఉండవు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట మీటింగుల్లో చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

మరి మండలి వేసిన ఛార్జీల మీద మనం ఏమీ చేయలేమా? చేయగలం, కానీ చోటు వేరు. ప్రతి ఏడాదీ నవంబర్ చివరికల్లా డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల ప్రతిపాదనలు మండలికి ఇవ్వాలి. ప్రకటన పత్రికల్లో వస్తుంది, తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి. విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ప్రజల అభ్యంతరాలు వినకుండా టారిఫ్ ఖరారు చేయకూడదు. ఎవరైనా ఒక కాగితం మీద రాసి పంపవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. 2021లో ఏం జరిగిందో చూడండి. 2014-19 కాలానికి ట్రూఅప్ (అంచనా ఖర్చుకు, అసలు ఖర్చుకు మధ్య తేడా) పేరుతో 3,669 కోట్లు వసూలు చేసుకోమని ఆదేశం వచ్చింది. కొన్ని జిల్లాల్లో యూనిట్‌కు 1.23 దాకా పడింది. సెప్టెంబర్, అక్టోబర్ బిల్లుల్లో వసూలు కూడా చేశారు. పద్ధతి ప్రకారం బహిరంగ ప్రకటన ఇవ్వలేదని అభ్యంతరం రావడంతో మండలి ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది, కట్టిన డబ్బు తర్వాతి బిల్లుల్లో సర్దారు. విచారణ మళ్లీ జరిపాక, 2022 ఆగస్టు నుంచి చాలా నెలలకు పరిచి, బాగా తక్కువ రేటుకు తెచ్చారు. విశాఖ వైపు 7 పైసలు, తిరుపతి వైపు 22 పైసలు. 1.23 ఎక్కడ, 22 పైసలు ఎక్కడ! అడిగినవాళ్లు ఉండబట్టే అది జరిగింది. తెలంగాణలో ఇలాంటిదే 12,718 కోట్ల ట్రూఅప్ వస్తే 2023లో ప్రభుత్వమే భరిస్తానని ముందుకొచ్చింది, జనం బిల్లుల్లోకి రాలేదు. మన జనానికి కరెంటు ఛార్జీల బరువు కొత్త కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఈ ఛార్జీల పెంపును వ్యతిరేకిస్తూ చేసిన ఆందోళనలోనే ముగ్గురు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు వదిలారు.

ఇప్పుడు రెండో రకానికి వస్తాను. మీ ఊరి ఆఫీసులో పుట్టే లైన్లు. మీ శ్రమ ఇక్కడ పెట్టండి, ఫలితం ఉంటుంది.

మొదట కేటగిరీ గడి చూడండి. ఇల్లయితే ఒకటో కేటగిరీ ఉండాలి. రెండు అని ఉంటే మీరు వ్యాపార రేటు కడుతున్నట్టు. ఒక పెద్దాయన వీధి గదిలో చిన్న కిరాణా కొట్టు పెట్టి, ఒంట్లో బాగోక మూసేశారు. మూడేళ్ల తర్వాత ఏసీడీ నోటీసు పట్టుకుని వస్తే నేను బిల్లు చూశాను, ఇంకా రెండో కేటగిరీలోనే ఉంది. మూడేళ్లు ఇంటి కరెంటుకు కొట్టు రేటు కట్టారు, డ్యూటీ కూడా 6 పైసలకు బదులు రూపాయి లెక్కన. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మార్చారు తప్ప పాత డబ్బు తిరిగి రాలేదు. కొట్టు మూసిన రోజే కాగితం పెట్టివుంటే ఆ డబ్బంతా మిగిలేది. ఆయన కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చుని 36 బిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

తర్వాత ఏసీడీ. అదనపు వినియోగ డిపాజిట్. ఇది ఛార్జీ కాదు, మీ డబ్బే. మీ ఏడాది సగటు వాడకం లెక్కన రెండు నెలల బిల్లుకు సమానంగా డిపాజిట్ ఉండాలన్నది నియమం. వాడకం పెరిగితే తేడా కట్టమంటారు. 2023 జనవరిలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఒక్కసారిగా ఈ నోటీసులు వచ్చి పెద్ద గొడవైంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆ డిపాజిట్‌కు బ్యాంకు రేటు లెక్కన ఏటా వడ్డీ రావాలి. వేసవిలో, మే, జూన్ బిల్లుల్లో, అది మైనస్ గుర్తుతో కనపడాలి. కనపడలేదంటే రాసి అడగండి. పేరు మార్పు జరిగిన సర్వీసుల్లో పాత డిపాజిట్ కొత్త పేరు కిందికి ఎక్కకుండా ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. డిపాజిట్ సున్నా అని ఉంటుంది, పూర్తి ఏసీడీ మళ్లీ అడుగుతారు. పాత రసీదు ఉంటే పది నిమిషాల పని. లేకపోతే నెలలు పడుతుంది.

లోడు. బిల్లులో మీకు మంజూరైన కిలోవాట్లు ఉంటాయి, పక్కనే ఆర్ఎండీ అని ఆ నెలలో ఒకేసారి మీరు లాగిన గరిష్ఠ లోడు ఉంటుంది. గీజరు, మోటారు, ఏసీ మూడూ ఉదయం ఒకేసారి వేస్తే ఆర్ఎండీ ఎగిరిపోతుంది. అది మంజూరైన లోడు కన్నా ఎక్కువగా నమోదైతే అదనపు లోడుకు అభివృద్ధి ఛార్జీలు, డిపాజిట్ కట్టమని నోటీసు వస్తుంది. నోటీసు చూసి టెన్షన్ పడి దళారీ దగ్గరికి పరుగెత్తకండి. నిజంగా ఏసీ పెట్టారా, అయితే లోడు పెంచుకోవడమే మంచిది, ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాన్నిబట్టే పెడతారు. పెట్టలేదా, అయితే ఏ నెలలో ఎంత నమోదైందో కాగితం మీద ఇవ్వమనండి.

రీడింగ్ తేదీ, స్టేటస్. పోయిన రీడింగ్‌కూ ఈ రీడింగ్‌కూ మధ్య ఎన్ని రోజులు? తెలంగాణ వాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ 200 యూనిట్ల దగ్గర ఒక మెట్టు ఉంది. 200 యూనిట్లకు మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80, మొత్తం 820 రూపాయలు. 201 అయిందంటే కేటగిరీ మారిపోయి మొదటి 200కీ 5.10 పడుతుంది, చివరి ఒక్కదానికి 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు! గృహజ్యోతి కింద 200 లోపు సున్నా బిల్లు వచ్చే కుటుంబానికైతే ఆ ఒక్క యూనిట్‌తో వెయ్యి రూపాయలు మీద పడతాయి. తెలంగాణలో ఉన్న మా మేనకోడలికి ఒకసారి 34వ రోజున రీడింగ్ తీసి 214 యూనిట్లు వేశారు. 30 రోజులకు లెక్కగడితే 189. "మామయ్యా, నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది వాళ్లు కదా" అంది. ఆ మాటే తేదీలతో సహా రాసి ఇమ్మన్నాను. రోజుల లెక్కన సరిచేసి ఇచ్చారు. అందుకే రీడింగ్ ఆలస్యమైతే ఊరుకోకండి, స్లాబులు కూడా ఆ రోజులకు తగ్గట్టు పొడిగించాలని అడగండి.

తలుపు వేసి ఉంటే డోర్ లాక్ అని సగటు బిల్లు వస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లి వచ్చే పెద్దవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. ఇంట్లో దీపం వెలగకపోయినా సగటు యూనిట్లు పడుతూనే ఉంటాయి. తిరిగొచ్చి అసలు రీడింగ్ తీయించాక ఆ డబ్బు సర్దాలి. సర్దారో లేదో మీరే చూసుకోవాలి. మీటరు గేటు బయటినుంచి కనపడేట్టు ఉంటే ఈ బాధే ఉండదు.

ఎరియర్స్, అడ్జస్ట్‌మెంట్. ఇక్కడ వందల్లో అంకె కనపడితే ఊరుకోకండి. దేనికి, ఏ నెలకి, ఏ ఆర్డరు మీద అని అడగండి. పాత తప్పు ఇప్పుడు పట్టుకున్నామని అయిదారేళ్ల వెనక్కి వెళ్లి వేస్తే, చట్టం 56(2) సెక్షన్ మీకు కొంత రక్ష. కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటాక, మధ్యలో వరసగా బకాయిగా చూపించకపోతే వసూలు చేయకూడదని అందులో ఉంది. కొంత అని ఎందుకంటున్నానంటే, 2020లో సుప్రీంకోర్టు ఆ గడువు బిల్లు వేసిన నాటి నుంచి మొదలవుతుందని, పొరపాటున తక్కువ బిల్లు వేసిన సందర్భంలో కనెక్షన్ కట్ చేయకూడదు కానీ మామూలు దావా దారి మూసుకుపోదని చెప్పింది. ఇల్లు కొనేవాళ్లకు ఇంకోమాట. పాత యజమాని బకాయిని నిబంధనల్లో ఉంటే కొత్త యజమాని దగ్గర అడగవచ్చని 2023లో సుప్రీంకోర్టే తేల్చింది. రిజిస్ట్రేషన్‌కు ముందే బకాయి లేదని కాగితం తీసుకోండి.

ఇక మీటరు మీద అనుమానం ఉంటే. ఇది మీరే ఇంట్లో చూసుకోవచ్చు. మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే 3200 అనో ఇంకో అంకె అనో రాసి ఉంటుంది, అంటే అన్నిసార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి 2,000 వాట్ల గీజరు ఒక్కటే వేయండి. 3200 మీటరయితే నిమిషానికి దగ్గర దగ్గర 107 సార్లు మెరవాలి. అరనిమిషం లెక్కపెడితే 53. దానికి అటూ ఇటూగా వస్తే మీటరు బాగానే ఉంది. తర్వాత మెయిన్ ఆపేయండి. దీపం అప్పుడూ మెరుస్తుంటే మీ మీటరు నుంచి ఇంకెవరికో కరెంటు పోతున్నట్టు. అపార్ట్‌మెంట్లలో అయితే తప్పకుండా చేయండి. ఒకసారి ఒక అయిదంతస్తుల బిల్డింగులో రెండు ఫ్లాట్ల మీటర్లు కట్టిన రోజు నుంచే తారుమారయ్యాయి. మెయిన్ ఆపితే పక్కింటి మీటరు ఆగింది! ఒకరు రెండేళ్లుగా ఇంకొకరి బిల్లు కడుతున్నారు. ఎలక్ట్రీషియన్ చేసిన పొరపాటు, చెక్ చేయడానికి పట్టింది రెండు నిమిషాలు.

మీ పరీక్షలో తేడా కనపడితే మీటరు టెస్టింగ్‌కు దరఖాస్తు పెట్టండి. వాడకానికి, రీడింగ్‌కు పొంతన లేదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాలని కేంద్రం 2024లో వినియోగదారుల హక్కుల నిబంధనల్లో చేర్చింది. దరఖాస్తులో ఆ మాట రాయండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, కట్టనంటే ఏమవుతుంది? 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చి కట్ చేస్తారు. మళ్లీ కలపడానికి అదనంగా కట్టాలి, ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి, పిల్లలు చీకట్లో కూర్చుంటారు. అంత అవసరం లేదు. చట్టం 56(1)లోనే దారి ఉంది. వివాదం ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు బిల్లు గానీ, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసిచ్చి కడితే, వివాదం తేలేదాకా కట్ చేయకూడదు. బిల్లు ఒక్కసారిగా పదింతలై వచ్చినవాళ్లకు ఇది ప్రాణం పోసినట్టే. మీ 387కి ఇది అవసరం లేదు, మొత్తం కట్టేసి అడగండి.

అడగడం ఎలా? 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకుండా ఎంత మాట్లాడినా గాలిలో కలిసిపోతుంది. బిల్లు లెక్కల సంగతి లైన్‌మన్‌కు, ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) తెలియదు, నిజంగానే తెలియదు. వాళ్ల మీద అరవకండి, ఎండలో స్తంభం ఎక్కే మనుషులు. ఈఆర్‌ఓలో అకౌంట్స్ ఆఫీసర్‌ను కలవండి. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు చాలు: "నా సర్వీసు నంబరు ఇది. ఫలానా నెల బిల్లులో ఫలానా లైనులో ఇన్ని రూపాయలు వేశారు. ఇది ఏ ఆదేశం ప్రకారం, ఏ నెల యూనిట్ల మీద, ఏ రేటుకు వేశారో లెక్క ఇవ్వగలరు. అందాక అభ్యంతరంతో చెల్లిస్తున్నాను." రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు పడిన కాగితానికి సీట్లో ఉన్నవాళ్లు జవాబు రాయాల్సిందే, నేనూ ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే.

అక్కడ తేలకపోతే ప్రతి డిస్కంకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. వకీలు అక్కర్లేదు, మీరే మాట్లాడుకోవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ ఓంబుడ్స్‌మన్. కరెంటు చౌర్యం, అనధికార వాడకం కింద వేసిన కేసులు మాత్రం ఈ వేదికకు రావు, వాటి దారి వేరు. అలాంటి నోటీసు వస్తే ఆలస్యం చేయకుండా వకీలును చూసుకోండి.

మరో చిన్న విషయం, దీనికి నేను చాలా విలువ ఇస్తాను. స్పాట్ బిల్లు కాగితం మీద అక్షరాలు వేడికి ఎగిరిపోతాయి. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టిన బిల్లు ఏడాది తిరిగేసరికి తెల్లగా అయిపోతుంది. సాక్ష్యం కావలసిన రోజున చేతిలో ఖాళీ చీటీ ఉంటుంది. మా రోజుల్లో మీటరు పక్కన అట్టకార్డు వేలాడేది, రీడర్ వచ్చి పెన్నుతో రీడింగ్ రాసి సంతకం పెట్టేవాడు, పదేళ్ల చరిత్ర ఒకే కార్డు మీద ఉండేది. ఇప్పుడది లేదు కాబట్టి బిల్లు రాగానే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అదే నిమిషంలో మీటరు అంకె కూడా ఇంకో ఫొటో. రీడర్ పొరపాటున 4 బదులు 9 కొట్టినా ఆ ఫొటో ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుంది.

మీరు బిల్లు రెండువైపులా ఫొటో తీసి, సర్వీసు నంబరూ పేరూ చెరిపేసి ఇక్కడ పెట్టండి. ఎఫ్‌పీపీసీఏ లైన్లు ఎన్ని ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఏ నెల, ఎన్ని యూనిట్లు రాసి ఉంది, కేటగిరీ గడిలో ఏముంది, ఇవి స్పష్టంగా కనపడాలి. ఆ రెండు వందల పైచిలుకులో ఓనరు కట్టాల్సింది ఎంతో, ఆఫీసులో అడగాల్సింది ఏమైనా ఉందో, లెక్కవేసి రాస్తాను.